గోడ ఎవరిది, గీత ఎవరిది?

పాలంపేట రామప్ప గుడికి ఒక ప్రత్యేకత ఉందని ఏటా మా పిల్లలకు చెప్తుంటాం. దాన్ని జనం పిలిచేది దేవుడి పేరుతో కాదు, కట్టించినవాడి పేరుతోనూ కాదు. చెక్కినవాడి పేరుతో. కట్టించింది కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం ఆ మాట రాతిమీద చెప్తుంది. అయినా జనం నోట మిగిలింది శిల్పి రామప్ప పేరే. 2021 జూలైలో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ పేరే దేశదేశాలకు పోయింది. మంచిదే. రాయి చెక్కిన చేతికి పేరు దక్కితే సంతోషించనివాడు ఎవడు?

అదే న్యాయం మన గోడల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందన్నదే మా తగువు.

మేడారం జాతర ఏడు వచ్చిందంటే చాలు, మన దారుల్లో గోడలకు రంగులు పడతాయి. కొమ్ములు పెట్టుకున్న కోయ మగవాళ్లు, డోలు, తలమీద బుట్ట, పళ్లన్నీ కనిపించేలా నవ్వే ఆడపిల్ల, వెనక రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. ఏ ఊళ్లో చూసినా అదే బొమ్మ. పోడు లేదు, పట్టా కాగితం లేదు, ఉపాధ్యాయుడు లేని బడి లేదు, వాగు దాటలేక మంచంమీద మోసుకుపోయిన గర్భిణి లేదు. గీసినతను పట్నం నుంచి వచ్చాడు, రెండ్రోజులు నిచ్చెన ఎక్కాడు, కూలి తీసుకున్నాడు, పోయాడు. అతన్నీ మేం తప్పుపట్టం. అతని పేరు కూడా ఆ బొమ్మ కింద ఉండదు. ఎవరో ఒక నమూనా ఇచ్చారు, అతను దించాడు. బొమ్మలో ఉన్నది మనమే. బొమ్మ గీసిన మనసులో మాత్రం మనం లేం.

మాకు తెలిసిన ఒక బడి ఉంది. పేరు అక్కర్లేదు. దాని గోడమీద ఆదివాసీ అమ్మాయిని గీశారు. నెత్తిన ఈకల కిరీటం, ఒంటికి చిరుతపులి చర్మం. మూడో తరగతి పిల్ల వచ్చి, "సార్, ఈమె ఏ ఊరామె?" అని అడిగింది. ఆ పిల్ల తల్లి, అమ్మమ్మ, మేనత్త అందరూ కోయలే. వాళ్లలో ఎవరూ ఆ గోడమీద బొమ్మలా ఉండరు. ఆ ఈకలు సినిమాల్లోంచి వచ్చాయి. సినిమాలకు ఎక్కడినుంచి వచ్చాయో ఆ సినిమావాళ్లకే తెలియాలి.

సినిమా అంటే గుర్తొచ్చింది. 2022లో వచ్చిన పెద్ద సినిమా మన యువకులంతా చూశారు, ఈలలు వేశారు. చివర్లో కొమురం భీం పాత్రను ఏం కావాలని అడిగితే చదువు కావాలంటాడు. అప్పుడు రాముడి పాత్ర జెండామీద జల్ జంగల్ జమీన్ అని రాసిస్తాడు. భీం పోరాటానికి గుర్తుగా మనం చెప్పుకునే మాట, ఇంకొకరి చేతిరాతలో! అసలు భీం గురించి మన పెద్దలు చెప్పుకునే కథ వేరు. చాందాలో విఠోబా అనే ఆయన దగ్గర అచ్చుకూటంలో పనిచేస్తూ అక్షరాలు నేర్చుకున్నాడని ఆ కథ. ఒకరు రాసిచ్చిన జెండా పట్టుకున్నవాడు ఒకడు, అచ్చుయంత్రం పక్కన నిలబడి చదవడం నేర్చుకున్నవాడు ఇంకొకడు. మన పిల్లలకు ఏ భీం కావాలి? ఈ ప్రశ్న అడగకుండా ఈలలు వేస్తే ఎట్లా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. లోకంలో ఒక రకం చిత్రకారులున్నారు. వాళ్లు వీధి గోడమీద గీస్తారు, అదే చేత్తో బొమ్మల కథలు గీసి సొంతంగా అచ్చువేసుకుని పంచుతారు. ప్రచురణకర్త కోసం ఎదురుచూడరు, గ్యాలరీ గడప తొక్కరు. 1980ల మొదట్లో న్యూయార్క్ భూగర్భ రైలుస్టేషన్లలో ఖాళీ అయిన ప్రకటన బోర్డులకు నల్ల కాగితం అంటించి ఉండేది. కీత్ హేరింగ్ అనే కుర్రవాడు ఆ నల్ల కాగితంమీద సుద్దముక్కతో బొమ్మలు గీసేవాడు. సుద్దముక్క! మన ప్రతి బడిలో దొరికేదే. మన హైదరాబాదులో 2016లో ఖైరతాబాద్ పక్కనున్న ఎం.ఎస్. మక్తాలో బస్తీ ఇళ్ల గోడల నిండా చిత్రకారులు బొమ్మలు వేశారు. తెలంగాణ ఆడవాళ్ల ముఖాలను పెద్దపెద్ద గోడలమీదికి ఎక్కించిన స్వాతి, విజయ్ దంపతుల పని చాలామంది చూసే ఉంటారు. వాళ్ల చేయి గట్టిది. వాళ్లమీద మాకు కోపం లేదు. మా కోపమంతా మనవాళ్లమీదే. ఆ నిచ్చెనమీద మన పిల్ల ఎందుకు లేదు? పట్నం వాడలో మామూలు ఇంటి గోడకు దక్కిన మర్యాద మన గూడెం గోడకు ఎందుకు లేదు?

వీధిలో బొమ్మలతో కథ చెప్పడం పట్నంవాళ్లు కనిపెట్టిందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోం. మన డోలీలను అడగండి. కోయల్లో ప్రతి గట్టుకూ ఇలవేల్పులున్నారు, ఆ వేల్పులకు పడిగెలున్నాయి. గుడ్డమీద తీర్చిన బొమ్మల్లో మన పూర్వికులుంటారు, వాళ్ల రాకపోకలుంటాయి, యుద్ధాలుంటాయి, జంతువులుంటాయి. డోలీ పడిగెను చూపుతూ, డోలు వాయిస్తూ ఆ వంశం కథ పాడతాడు. చదువు రాని ముసలవ్వ కూడా బొమ్మను చూసి తన వంశాన్ని చదువుకుంటుంది. వరుసగా బొమ్మలు, ఆ బొమ్మల వెంట మాట, ఊరి నడుమ జనం. దీన్ని ఏ పేరుతో పిలుస్తారో మీరే చెప్పండి. ఇక్కడికి దగ్గర్లోనే చేర్యాల నకాషీలు బారెడు గుడ్డలమీద కులపురాణాలు గీసిచ్చారు. అవి పట్టుకుని కథకులు ఊరూరూ తిరిగారు. తెలుగు నేలమీద బొమ్మల కథకు ఇంత వయసుంటే, మన చదువుకున్నవాళ్లు మాత్రం కామిక్స్ అనగానే అదేదో ఇంగ్లిషు పిల్లల చిరుతిండి అన్నట్టు మూతి ముడుస్తారు.

మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలు భుజాన వేసుకుని సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ నోటికి పాడిన మనిషి. 2024లో వెళ్లిపోయారు. ఆయన బతికుండగా సన్మానాలు చేశాం, శాలువాలు కప్పాం, ఫోటోలు దిగాం. ఆయన పక్కన కూర్చుని ఒక్క కథనైనా పిల్లలు చదివేలా బొమ్మల్లోకి దించిన కోయ యువకులు మనలో ఎంతమంది? శాలువా ఖర్చు కంటే కాగితం ఖర్చు తక్కువే కదా.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. రామప్ప గుడి కాకతీయుల కాలంలో లేచింది. మన నోటి కథల్లో సమ్మక్క, సారలమ్మ, జంపన్న నెత్తురు కార్చింది ఆ కాకతీయుల సేనతో పోరాడే. పన్ను కట్టలేమన్నందుకు వచ్చిన సేన అది. గెలిచినవాళ్ల కథ నల్లరాతిమీద నిలిచింది, దానికి ప్రపంచ వారసత్వపు పలక పడింది. ఓడినవాళ్ల కథ గుడ్డమీద, గొంతులో బతికింది. రాయిని కాపాడటానికి పురావస్తు శాఖ ఉంది, కంచె ఉంది, కాపలా ఉంది. గుడ్డకు చెదలు పట్టినా, గొంతు ఆగిపోయినా అడిగే దిక్కు లేదు. మా పిల్లలను రామప్పకు విహారయాత్రకు తీసుకుపోవద్దని మేం అనం. తీసుకుపోండి. ఆ మదనికలను, గోడ పొడవునా నడిచే ఏనుగుల వరుసను చూపండి. చూపించి, ఈ గుడి కట్టిన దొరల మనవలతో మన తల్లులు ఎందుకు కొట్లాడారో కూడా అదే రోజు, అదే చెరువు గట్టుమీద చెప్పండి. ఈ రెండో మాట మా పాఠ్యపుస్తకాల్లో మాకు సరిగా దొరకలేదు. దాన్ని గీయాల్సింది మనమే.

గీయండి అనగానే పెద్దలు ఒక అభ్యంతరం చెప్తారు. పడిగె పూజలో ఉండేది, దాన్ని గోడలకెక్కిస్తే మైల పడుతుంది అని. ఈ మాట సరైనదే. పడిగెను దించడానికి ఒక వేళ ఉంది, ఒక పద్ధతి ఉంది, విప్పే హక్కు ఉన్నవాళ్లున్నారు. పడిగెలోని వేల్పు బొమ్మను తీసుకుపోయి బస్టాండు గోడమీద వేయమని మేం చెప్పడం లేదు. అలా వేసేవాళ్లుంటే ముందు మేమే అడ్డం నిలబడతాం. బయటివాళ్లు దాన్ని చీరల అంచులమీద, టీ కప్పులమీద వేస్తే కూడా నిలబడతాం. పడిగె నుంచి మనం నేర్చుకోవాల్సింది దాని పద్ధతి. ముందు ఏ బొమ్మ, తర్వాత ఏ బొమ్మ, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పాడాలి అన్న లెక్క. వేల్పుల కథ డోలీలదే. రేషన్ బియ్యం కథ, కరెంటు కథ, హాస్టలు కథ, పోడు కథ మనవి. వాటికి ఏ మైలా లేదు.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది. ఇది యువకులది. బొమ్మలు గీస్తే తిండి పెడుతుందా సార్ అని. దీనికి జవాబుగా జన్‌గఢ్ సింగ్ శ్యామ్ కథ చెప్పాలి. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే ఊరి పర్ధాన్ గోండు కుర్రవాడు. పర్ధాన్‌లు అంటే మన ఆదిలాబాద్ వైపు కూడా గోండుల కథలు పాడేవాళ్లే. ఇంటి గోడలమీద బొమ్మలు వేసేవాడు. 1981లో చిత్రకారుడు స్వామినాథన్ పంపిన బృందం కంట్లో ఆ గోడ పడింది. భోపాల్ భారత్ భవన్‌కు తీసుకొచ్చారు. గోడమీది గీత కాగితంమీదికి, కాన్వాసుమీదికి వచ్చింది. 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనలో అతని పని నిలిచింది. భోపాల్ శాసనసభ భవనం గోడలమీద అతని బొమ్మలున్నాయి. వేల ఏళ్ల గుర్తింపు ఒక్క మనిషికి ఎనిమిదేళ్లలో వచ్చినట్టుంది కదా? 2001లో జపాన్‌లో ఒక పల్లెటూరి మ్యూజియంలో బొమ్మలు వేసే పనిమీద ఉండగా ఆత్మహత్య చేసుకున్నాడు. నలభై కూడా నిండలేదు. ఇంటికి దూరంగా, భాష తెలియని చోట, ఒంటరిగా. అతని వెనక ఒక తరం పర్ధాన్ చిత్రకారులు లేచారు, అన్నం తిన్నారు, అది నిజం. గీత మనదైనా గోడ, తాళంచెవి, తిరుగు ప్రయాణం టిక్కెట్టు ఇంకొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో, అదీ నిజమే. అందుకే మేం గ్యాలరీ దారి కంటే గోడ దారి, జెరాక్స్ దారి ముందు చూపుతున్నాం. అమ్ముకోవడం తర్వాత. ముందు మాట మనదని చెప్పుకోవాలి.

అదే పర్ధాన్ గోండుల నుంచి దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు 2011లో భీమాయన అనే పుస్తకానికి బొమ్మలు వేశారు. అంబేడ్కర్ జీవితం అది. మామూలు కామిక్స్‌లో ఉండే డబ్బాలు తమకు వద్దన్నారు. మనుషుల్ని పెట్టెల్లో బంధించం అన్నది వాళ్ల పట్టు. డబ్బాల బదులు తమ ఇళ్ల గోడలకు, వాకిళ్లకు వేసే దిగ్నా ముగ్గు గీతలతోనే పేజీని విడదీశారు. ప్రేమగా పలికే మాటలకు పిట్ట ఆకారం, విషం కక్కే మాటలకు తేలు కొండి. ఎవరి బడిలోనూ నేర్చుకోని విద్య అది. మేం ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు చిత్రలేఖనం అంటే కుండ, మామిడిపండు, జాతీయజెండా. ముగ్గు గీత పేజీని నడిపించగలదని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లకు తెలిస్తే కదా! 1994లో ఓరిజిత్ సేన్ నర్మద ఆనకట్టమీద రివర్ ఆఫ్ స్టోరీస్ అనే బొమ్మల పుస్తకం వేశాడు. ఆనకట్ట కింద మునిగే ఆదివాసుల పుట్టుక కథను, పోరాటాన్ని జడలా కలిపి అల్లాడు. పెద్ద ప్రచురణ సంస్థలేవీ కాదు, కల్పవృక్ష్ అనే పర్యావరణ బృందం దాన్ని అచ్చువేసింది. అతను ఆదివాసి కాదు. అయినా మంచి పని చేశాడు. మరి మన పోలవరం సంగతి? 2014లో మండలాలకు మండలాలు రాత్రికి రాత్రి రాష్ట్రం మారాయి. కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు కోయల బొమ్మల పుస్తకం ఏది? ఎవరో సేన్ వచ్చి గీస్తాడని కూర్చుందామా?

గీయడానికి కథలు లేవనేవాళ్ల కోసం ఒక్కటి చెప్తాం, అది మా ఇంటి కథే. 2000లో వచ్చిన 3వ నంబరు జీవో ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. మాలాంటివాళ్లు బడిలో నిలబడి పిల్లలతో వాళ్ల ఇంటి భాషలో మాట్లాడగలిగారంటే అటువంటి ఏర్పాటు వల్లే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. ఉన్న ఉద్యోగాలు ఉంటాయంది, ఇకమీద ఆ హక్కు లేదంది. తీర్పు ఇంగ్లిషులో వచ్చింది, వందకు పైగా పేజీలు. మన గూడేల్లో ఎంతమంది చదివారు? అదే విషయాన్ని నాలుగు బొమ్మల్లో చెప్పొచ్చు. మొదటి బొమ్మలో పిల్ల కోయభాషలో నీళ్లడుగుతుంది. రెండో దాంట్లో టీచరుకు అర్థం కాదు. మూడో దాంట్లో పిల్ల బడి మానేసి మేకల వెంట ఉంటుంది. నాలుగో దాంట్లో ఏం వేయాలో మీరు ఆలోచించండి. ఈ నాలుగు బొమ్మలు చేతిపంపు దగ్గరి గోడకు అంటిస్తే సాయంత్రానికి ఊరంతా చర్చ.

గోడ పత్రిక కామిక్స్ అని దీనికి ఒక పద్ధతే ఉంది. వరల్డ్ కామిక్స్ ఇండియా పేరుతో శరద్ శర్మ, ఆయనతోటివాళ్లు దేశమంతా పల్లెల్లో నేర్పిస్తూ వచ్చారు. చిత్రకారులకు కాదు, ఎన్నడూ కుంచె పట్టనివాళ్లకు. పద్ధతి తేలిక. రెండు ఏ4 కాగితాలు, నాలుగు డబ్బాలు. మొదటి డబ్బాలో మనిషి, చోటు తెలియాలి. రెండో దాంట్లో తగువు మొదలు, మూడో దాంట్లో ముదురు, నాలుగో దాంట్లో మలుపు. నల్ల స్కెచ్ పెన్ను తప్ప రంగులు వద్దు, ఎందుకంటే జెరాక్స్‌లో రంగు నిలవదు. పెన్సిల్ గీత అసలే రాదు. ముందు మాటలు రాసి తర్వాత వాటి చుట్టూ బుడగ గీయాలి. బుడగ ముందు గీస్తే మన తెలుగు ఒత్తులు, దీర్ఘాలు అందులో పట్టవు. ఇది మేం పిల్లలతో చేసి చూసి చెప్తున్న సంగతి. రెండు కాగితాలను జెరాక్స్ తీసి పక్కపక్కన అంటిస్తే పోస్టరు. టీకొట్టు, రేషన్ షాపు, పంచాయితీ ఆఫీసు, బస్సు ఆగే చెట్టు. ఇంటి గోడైతే ఇంటాయన్ను అడగండి. అడగకుండా అంటించినవాడికి, మనల్ని అడగకుండా మన గోడలకు రంగులేసినవాడికి తేడా ఏముంది?

పుస్తకం కావాలంటే అదీ కష్టం కాదు. ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్లు వచ్చేలా మడిచి, విప్పి, నడుమ రెండు గళ్ల పొడవున కోసి, మళ్లీ మడిస్తే ఎనిమిది పేజీల బుజ్జి పుస్తకం. కుట్టు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు. ఒక వైపు జెరాక్స్ చాలు. యాభై కాపీలకు వంద, నూటయాభై రూపాయలు. సంతలో అయిదు రూపాయలకు ఒకటి ఇస్తే పెట్టుబడి తిరిగొస్తుంది, ఇంకో కథకు కాగితమూ వస్తుంది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో తెలుగు లిపిలోనే కోయభాష వేయండి. గోండు పిల్లలైతే గుంజాల లిపి కూడా ప్రయత్నించండి. 2018లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది, ఇక కంప్యూటరు మా లిపి ఎరగదు అనే సాకు కూడా లేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, మీకు ఒక మాట. మన బడి గోడమీద ఏం ఉండాలో పైనుంచి నమూనా వస్తుంది, ఏం చేస్తాం అంటారు. నమూనా వచ్చిన గోడను అట్లాగే ఉంచండి. బడికి నాలుగు గోడలుంటాయి, ప్రహరీ ఉంటే ఇంకో నాలుగు. వెనక గోడ ఎవరికీ పట్టదు. దానికి సున్నం వేసి పిల్లలకు బొగ్గు, జేగురు, సుద్ద ఇవ్వండి. వానకు పోతుంది, పోనివ్వండి, వచ్చే ఏడు వేరే పిల్లలు వేస్తారు. గోడలు పాడుచేస్తున్నారని పిల్లల చేతులమీద కొట్టే అలవాటు మనలో ఇంకా ఉంది. పగలు గోడ గీకితే దెబ్బలు కొట్టి, పంద్రాగస్టు నాడు చిత్రలేఖనం పోటీ పెట్టి బహుమతులిస్తాం. పోటీలో మళ్లీ కుండ, మామిడిపండు, జెండా.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇంకాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. రోజుకు మూడు గంటలు సెల్‌ఫోనులో ఇతరుల రీళ్లు చూస్తున్న వేళ్లు పెన్ను పట్టలేవంటే నమ్మం. బొమ్మ రాదంటారు. మనిషికి గుండ్రటి తల, అయిదు గీతలు చాలు. పిథోరా, వార్లీ గోడలు చూడండి, రెండు త్రికోణాలతో నాట్యం చేయించారు. రాయడం రాదంటారు. మీ ఊరి తగువు మీకు తెలుసు కదా, పంచాయితీలో ఎవరేమన్నారో మీ అవ్వ ఎలా చెప్తుందో అలాగే బుడగలో రాయండి. ఎవరైనా బెదిరిస్తే? బెదిరిస్తారు. నాయకుడి పేరు రాస్తే తప్పకుండా బెదిరిస్తారు. మనిషి పేరు కాకుండా పని పేరు రాయండి, నిజం తప్ప రాయకండి, ఒక్కరు కాకుండా అయిదుగురు కలిసి అంటించండి. అయిదుగురిలో ఇద్దరు ఆడపిల్లలుండాలి, లేకపోతే కథల్లో సగం ఊరు మాయమవుతుంది.

ఇంకో సంగతి మరిచిపోయేట్టున్నాం. ప్రతి పోస్టరు కింద, ప్రతి బుజ్జి పుస్తకం వెనక గీసినవాళ్ల పేరు, ఇంటిపేరు, గట్టు, ఊరు రాయండి. కథ చెప్పిన పెద్దమనిషి పేరు దానికంటే పైన రాయండి. మొదటి కాపీ ఆయనకే ఇవ్వండి, చదవడం రాకపోతే చదివి వినిపించండి, తప్పుంటే ఆయన దిద్దుతారు. రెండో కాపీ బడి బీరువాలో పెట్టండి. వచ్చే మాఘమాసానికి పాలంపేట, ములుగు, తాడ్వాయి దారిలో ఏ గోడమీద ఎవరు ఏం అంటించారో చూస్తూ పోతాం, ఈ సంకలనం తర్వాతి పుస్తకానికి బొమ్మల పేజీలు ఎనిమిది ఖాళీగా ఉంచాం.